బేసిక్‌లో షరతు లూపులు: ఎన్ని చుట్లో ముందు తెలియనప్పుడు

నూటికి రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చారనుకోండి. నెలనెలా మూడు వేలు కడతారు. అందులో ముందు ఆ నెల వడ్డీ పోతుంది, మిగిలింది అసలులో తగ్గుతుంది. బాకీ ఎన్ని నెలలకు తీరుతుంది?

కాగితం మీద వేసేవాళ్లయితే ఒక్కో నెలా ఒక్కో వరుస రాసుకుంటూ పోతారు. బాకీ సున్నాకు రాగానే ఆపి, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెడతారు. మొదలుపెట్టేటప్పుడు వాళ్లకు ఆ సంఖ్య తెలియదు. తెలియదు కాబట్టే లెక్క వేస్తున్నారు! షరతు లూప్ అంటే సరిగ్గా ఇదే. 'ఇరవై సార్లు చెయ్యి' అనడానికి ఫర్-నెక్స్ట్ ఉంది. 'బాకీ ఉన్నన్నాళ్లూ చెయ్యి' అనాలంటే డూ-లూప్ కావాలి.

బేసిక్ ఒక ప్రోగ్రామింగ్ భాష. ఇక్కడ నేను వాడుతున్నది దానిలో క్యూబేసిక్ అనే రకం. 1991లో ఎంఎస్-డాస్ 5తో పాటు వచ్చింది. మా ఊళ్లో కంప్యూటర్ నేర్చుకున్న మా తరం చాలామందికి మొదటి భాష ఇదే. ఇప్పుడు నేర్చుకునేవాళ్లు క్యూబేసిక్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపే క్యూబీ64 దించుకోవచ్చు, ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. ప్రోగ్రామ్ రాసి ఎఫ్5 నొక్కితే చాలు. ఎక్సెల్ మాక్రోలు రాసే వీబీఏలోనూ ఇవే లూపులు ఉంటాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఒక్క మాట. కింది ప్రోగ్రాముల్లో ఆజ్ఞలను పలికినట్టే తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం ఆజ్ఞలు, వేరియబుల్ పేర్లు (బాకీ, నెల లాంటి మారే విలువలకు పెట్టుకున్న పేర్లు), కోట్స్‌లోని మాటలు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

1. ముందు కాగితం మీద ఒక వాక్యం

లూప్ రాసే ముందు నేను ఇప్పటికీ ఒక వాక్యం రాసుకుంటాను: '........ ఉన్నంతసేపు, ........ మారుస్తూ ఉండు.' వడ్డీ లెక్కకు అది ఇలా అవుతుంది: 'బాకీ సున్నా కన్నా ఎక్కువ ఉన్నంతసేపు, బాకీ మారుస్తూ ఉండు.'

రెండు ఖాళీల్లోనూ ఒకే పేరు రావాలి. మొదటి ఖాళీలో బాకీ పెట్టి, రెండో ఖాళీలో నెల మాత్రమే పెడితే నెలలు పెరుగుతూ పోతాయి, బాకీ కదలదు, లూప్ ఆగదు. కొత్తవాళ్ల ప్రోగ్రాములు హ్యాంగ్ అయ్యే కారణాల్లో సగానికి పైగా ఇదేనని నా అనుభవం. సింటాక్స్, అంటే ఆజ్ఞ రాసే తీరు తప్పయితే కంప్యూటరే చెప్తుంది. ఇది మాత్రం చెప్పదు, తిరుగుతూనే ఉంటుంది.

2. మొదటి లూప్

```
బాకీ = 50000
కిస్తీ = 3000
నెల = 0
డూ వైల్ బాకీ > 0
    వడ్డీ = బాకీ * 2 / 100
    బాకీ = బాకీ + వడ్డీ - కిస్తీ
    నెల = నెల + 1
    ప్రింట్ నెల, వడ్డీ, బాకీ
లూప్
ప్రింట్ "నెలలు:", నెల
```

డూ వైల్ దగ్గరికి రాగానే కంప్యూటర్ షరతు చూస్తుంది. నిజమైతే లోపలి నాలుగు వరుసలూ చేసి, 'లూప్' అన్న మాట దగ్గరి నుంచి మళ్లీ పైకి వెళ్తుంది. అబద్ధమైతే లోపలికి రాకుండా 'లూప్' కింది వరుసకు దూకుతుంది.

ఎఫ్5 నొక్కే ముందు మొదటి మూడు చుట్లు చేత్తో వేసి చూడండి. మొదటి నెల వడ్డీ 1,000, కట్టింది 3,000, మిగిలిన బాకీ 48,000. రెండో నెల వడ్డీ 960, బాకీ 45,960. మూడో నెల వడ్డీ 919 రూపాయల 20 పైసలు, బాకీ 43,879 రూపాయల 20 పైసలు. స్క్రీన్ మీద మొదటి మూడు వరుసలు ఇవే వస్తే మిగతా లెక్కను నమ్మవచ్చు.

జవాబు 21 నెలలు. కానీ చివరి వరుసలో బాకీ ఎంతుందో చూశారా? దాదాపు మైనస్ 1,567! ఇరవయ్యో నెలకు మిగిలిన బాకీ సుమారు 1,405. దానికి వడ్డీ కలిపితే 1,433. దానికి కూడా మూడు వేలు కట్టేశాం. అప్పిచ్చినవాడికి ఎదురు అప్పిచ్చినట్టు అయింది.

షరతు లూపులో ఇది మామూలే. షరతును చుట్టు మొదట్లో మాత్రమే చూస్తుంది, మధ్యలో చూడదు. బాకీ సున్నా దాటి కిందికి పోయినా ఆ చుట్టు పూర్తయ్యేదాకా దానికి తెలియదు. అందుకే చివరి చుట్టు సంగతి మనమే చూసుకోవాలి. మొదటి మూడు వరుసలూ అలాగే ఉంచి లూప్‌ను ఇలా మార్చండి, దాని కింద ప్రింట్ మొత్తం కూడా చేర్చండి:

```
డూ వైల్ బాకీ > 0
    బాకీ = బాకీ + బాకీ * 2 / 100
    ఇఫ్ కిస్తీ > బాకీ దెన్ కిస్తీ = బాకీ
    బాకీ = బాకీ - కిస్తీ
    మొత్తం = మొత్తం + కిస్తీ
    నెల = నెల + 1
లూప్
```

ఇప్పుడు బాకీ సరిగ్గా సున్నా దగ్గర ఆగుతుంది. కట్టిన మొత్తం 61,433 రూపాయల చిల్లర. అంటే యాభై వేలకు పదకొండు వేల పైచిలుకు వడ్డీ.

3. ఆగని లూప్‌ను ఒకసారి కావాలనే చూడండి

మొదటి లూప్‌లోనే కిస్తీని 1000గా మార్చి రన్ చేయండి. ఆ నెల వడ్డీ 1,000, కట్టింది 1,000, బాకీ ఎప్పటికీ 50,000. స్క్రీన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ మీ కోడ్‌లో తప్పేమీ లేదు, బాకీని మార్చే వరుస కూడా ఉంది. కానీ ఆ వరుస బాకీని సున్నా వైపు నడిపించడం లేదు. వడ్డీ కట్టీ కట్టీ అసలు అలాగే ఉండిపోయిందని మన పెద్దవాళ్లు చెప్పే కథ కంప్యూటర్ భాషలో ఇన్‌ఫినిట్ లూప్.

ఆపాలంటే క్యూబేసిక్‌లో కంట్రోల్, బ్రేక్ మీటలు కలిపి నొక్కాలి. క్యూబీ64లో ఆ విండో మూసేసినా చాలు.

తర్వాత 1100 పెట్టి చూడండి. లూప్ ఆగుతుంది, కానీ 122 నెలలకు. పదేళ్లు దాటుతుంది, కట్టేది లక్షా ముప్పైమూడు వేలు దాటుతుంది. ఆగే లూప్ అంతా మంచి లూప్ కాదని దీనితో అర్థమవుతుంది.

రెండు కాపలాలు పెట్టుకోండి. ఒకటి లూపుకు ముందు:

```
ఇఫ్ కిస్తీ <= బాకీ * 2 / 100 దెన్ ప్రింట్ "ఈ కిస్తీకి బాకీ తీరదు": ఎండ్
```

రెండోది షరతులోనే:

```
డూ వైల్ బాకీ > 0 అండ్ నెల < 600
```

600 నెలలంటే యాభై ఏళ్లు. నిజమైన లెక్క ఏదీ అంత దూరం పోదు, పోయిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. లూప్ బయటికి వచ్చాక బాకీ ఇంకా సున్నా కన్నా ఎక్కువ ఉంటే కాపలా వల్లే ఆగిందని తెలుస్తుంది. ఆ పరీక్ష కూడా రాయండి, లేకపోతే 600 నెలలనే జవాబు అనుకుంటారు.

4. వైల్, అంటిల్: మన 'వరకు' పెట్టే తంటా

తెలుగువాళ్లు తడబడేది ఇక్కడే. మనకు 'బాకీ ఉన్నంత వరకు కట్టాలి' అన్నా 'బాకీ తీరే వరకు కట్టాలి' అన్నా ఒకటే పని, రెండింటిలోనూ ఒకటే 'వరకు'. బేసిక్‌లో మాత్రం మొదటిది వైల్, రెండోది అంటిల్. 'వరకు' అన్న మాట చూసి అంటిల్ రాసేసి, పక్కన వైల్ షరతు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. నేనూ పెట్టాను.

'వరకు'ను పక్కన పెట్టండి. 'ఉన్నంతసేపు' అని చెప్పగలిగితే వైల్, 'అయ్యేదాకా' అని చెప్పగలిగితే అంటిల్. అన్నం ఉడికేదాకా మంట ఉంచు: అంటిల్. అన్నం పలుకుగా ఉన్నంతసేపు మంట ఉంచు: వైల్. పని ఒకటే, షరతులు ఒకదానికొకటి వ్యతిరేకం.

```
డూ వైల్ బాకీ > 0
డూ అంటిల్ బాకీ <= 0
```

ఈ రెండూ సమానం. 'ఎక్కువ'కు వ్యతిరేకం 'తక్కువ' కదా అని రెండో దానిలో బాకీ < 0 అని రాస్తే బాకీ సరిగ్గా సున్నా అయినప్పుడు లూప్ ఆగదు. ఇందాక చివరి కిస్తీని సరిచేశాం కాబట్టి బాకీ సున్నా కన్నా కిందికి పోనే పోదు. ఇక ఆ లూపుకు అంతు లేదు.

రెండు షరతులుంటే ఇంకో మెలిక ఉంది. వైల్‌ను అంటిల్‌గా మార్చేటప్పుడు అండ్ కాస్తా ఆర్ అవుతుంది:

```
డూ వైల్ బాకీ > 0 అండ్ నెల < 600
డూ అంటిల్ బాకీ <= 0 ఆర్ నెల >= 600
```

కొనసాగాలంటే రెండూ కుదరాలి, ఆగడానికి ఏదో ఒకటి చాలు. నన్నడిగితే ఒక ప్రోగ్రాములో ఒకటే పద్ధతి పెట్టుకోండి. నేను పైన ఎప్పుడూ వైల్, కింద ఎప్పుడూ అంటిల్ రాస్తాను. అదేమీ రూలు కాదు, తల నొప్పి తగ్గుతుందంతే.

5. షరతు పైనా, కిందా?

'పైన, కింద' అంటే ఏమిటో చెప్పాలి. పులుసు రుచి చూసి, ఉప్పు చాలకపోతే చెంచాడు వేయడం ఒక పద్ధతి. ముందు చెంచాడు వేసి, తర్వాత రుచి చూడడం ఇంకో పద్ధతి. మొదటి దానిలో అసలు ఉప్పే వేయకపోవచ్చు. రెండో దానిలో ఒక్క చెంచా అయినా పడి తీరుతుంది. షరతు డూ పక్కన ఉంటే మొదటిది, లూప్ పక్కన ఉంటే రెండోది.

వడ్డీ లెక్కకు పైనే ఉండాలి. బాకీ మొదటే సున్నా అయితే ఒక్క నెల కూడా కట్టకూడదు కదా. మనిషిని అడిగి జవాబు తీసుకునే చోట మాత్రం కిందే బాగుంటుంది, ఎందుకంటే ఒక్కసారైనా అడగకుండా జవాబు రాదు:

```
డూ
    ఇన్‌పుట్ "ఏ నెల (1 నుంచి 12)? ", నె
లూప్ అంటిల్ నె >= 1 అండ్ నె <= 12
```

13 కొట్టినా, 0 కొట్టినా మళ్లీ అడుగుతుంది.

ఈ షరతును లెక్కల పుస్తకంలోలాగా 1 <= నె <= 12 అని రాయాలనిపిస్తుంది. రాస్తే ఎర్రర్ రాదు, అదే ప్రమాదం. బేసిక్ ముందు 1 <= నె అన్నంతవరకే చూస్తుంది. నిజమైతే దాని విలువ -1, అబద్ధమైతే 0. అవును, బేసిక్‌లో నిజం అంటే మైనస్ ఒకటి. తర్వాత ఆ -1నో 0నో తెచ్చి 12తో పోలుస్తుంది. రెండూ 12 కన్నా తక్కువే. కాబట్టి ఎవరు ఏ సంఖ్య కొట్టినా షరతు నిజమే, 500వ నెల కూడా చెల్లిపోతుంది.

6. 'ఇక చాలు' అని చెప్పే విలువ

కిరాణా బిల్లు వేస్తున్నారు. ఎన్ని సరుకులో తెలియదు, ధరలు ఒక్కొక్కటే కొడతారు, అయిపోగానే 0 కొడతారు.

```
ఇన్‌పుట్ "ధర? ", ధర
డూ వైల్ ధర <> 0
    మొత్తం = మొత్తం + ధర
    ఇన్‌పుట్ "ధర? ", ధర
లూప్
ప్రింట్ మొత్తం
```

ఇన్‌పుట్ రెండు చోట్ల ఎందుకు? మొదటిది లేకపోతే ధర మొదటే 0 కాబట్టి లోపలికే పోదు. రెండోది లేకపోతే మొదటి ధరనే పదేపదే కలుపుతూ పోతుంది. ఒకే వరుసను రెండుసార్లు రాయడం నచ్చనివాళ్లు ఇలా రాస్తారు:

```
డూ
    ఇన్‌పుట్ "ధర? ", ధర
    ఇఫ్ ధర = 0 దెన్ ఎగ్జిట్ డూ
    మొత్తం = మొత్తం + ధర
లూప్
```

షరతు పైనా లేదు, కిందా లేదు, మధ్యలో ఉంది. ఎగ్జిట్ డూ కనబడగానే లూప్ బయటికి వచ్చేస్తుంది. నాకు ఇదే ఇష్టం. అయితే ఒక లూపులో మూడు నాలుగు ఎగ్జిట్‌లు పెట్టకండి, ఏ దారిలో బయటికి వచ్చిందో తర్వాత మీకే తెలియదు. లూపులో లూప్ ఉంటే ఎగ్జిట్ డూ లోపలి దానిలోంచి మాత్రమే బయటికి తెస్తుంది.

7. 'సమానం' గుర్తును నమ్మకండి

```
ఎత్తు = 0
డూ అంటిల్ ఎత్తు = 1
    ఎత్తు = ఎత్తు + 0.1
    ప్రింట్ ఎత్తు
లూప్
```

పది చుట్లకు ఆగాలి. ఆగదు. మనం మూడో వంతును దశాంశంలో ఎలా పూర్తిగా రాయలేమో, కంప్యూటర్ 0, 1 అనే రెండు అంకెలతోనే వేసే తన లెక్కలో 0.1ని అలా పూర్తిగా రాయలేదు. పదిసార్లు కలిపేసరికి 1కి వెంట్రుకవాసి అటుగా పడుతుంది, సరిగ్గా 1 మీద పడదు. లూప్ దాన్ని దాటుకుని పోతుంది. అంటిల్ ఎత్తు >= 1 అని రాస్తే కనీసం ఆగుతుంది. డబ్బు లెక్కల్లో నేను పైసలన్నీ పూర్ణసంఖ్యగా పెట్టుకుంటాను. 12 రూపాయల 50 పైసలంటే 1250.

8. పాత ప్రోగ్రాములు చదవాల్సి వస్తే

జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో 1964లో చేసిన తొలి బేసిక్‌లో డూ లేదు, వైల్ లేదు. ఫర్-నెక్స్ట్, ఇఫ్-దెన్, గోటూ ('ఫలానా వరుసకు వెళ్లు') ఉండేవి. షరతు లూప్ కావాలంటే వరుస నంబర్లతో మనమే కట్టుకోవాలి:

```
20 ఇఫ్ బాకీ <= 0 దెన్ 60
30 బాకీ = బాకీ + బాకీ * 2 / 100 - కిస్తీ
40 నెల = నెల + 1
50 గోటూ 20
60 ప్రింట్ నెల
```

ఇక్కడ ఉన్నది ఆగే షరతు, అంటే అంటిల్. క్యూబేసిక్‌కు ముందటి జీడబ్ల్యూ-బేసిక్‌లో వైల్-వెండ్ వచ్చింది. అది డూ వైల్ లాంటిదే, కానీ దానిలోంచి మధ్యలో బయటపడడానికి ఎగ్జిట్ లేదు. వీబీఏలో ఇప్పటికీ వైల్-వెండ్ నడుస్తుంది. కొత్తగా రాసేటప్పుడు వాడాల్సిన పని లేదు.

9. ఎక్సెల్‌లో ఇదే పని

ఆఫీసులో షరతు లూప్ ఎక్కువగా వాడేది ఇక్కడే: ఖాళీ గడి వచ్చేదాకా వరుసలు చదువుకుంటూ పోవడం. ఆల్ట్, ఎఫ్11 నొక్కి, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ తీసుకుని, ఒక సబ్‌లో, అంటే సబ్, ఎండ్ సబ్ అన్న వరుసల మధ్య ఇది రాయండి (సెల్స్(వరుస, 3) అంటే ఆ వరుసలో మూడో గడి):

```
డిమ్ వరుస యాజ్ లాంగ్
వరుస = 2
డూ వైల్ ట్రిమ్(సెల్స్(వరుస, 1).వాల్యూ) <> ""
    ఇఫ్ సెల్స్(వరుస, 3).వాల్యూ = 0 దెన్ సెల్స్(వరుస, 4).వాల్యూ = "బాకీ లేదు"
    వరుస = వరుస + 1
లూప్
```

వరుస = వరుస + 1 మరిచిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. జీతాల షీట్ మీద పనిచేస్తూ ఒకసారి మరిచిపోయాను. రెండో వరుసనే పట్టుకుని తిరుగుతూ ఎక్సెల్ బిగుసుకుపోయింది. టెన్షన్‌లో దాన్ని బలవంతంగా మూసేశాను. సేవ్ చేయని గంటన్నర పని దానితోనే పోయింది. ఎస్కేప్ మీటతో గానీ కంట్రోల్-బ్రేక్‌తో గానీ మాక్రోను ఆపవచ్చని అప్పటికి తెలియదు. అప్పటి నుంచి లూప్ మొదలుపెట్టగానే ఆ పెంచే వరుసనే ముందు రాసి, మిగతాది దాని పైన రాస్తున్నాను. రన్ చేసే ముందు సేవ్ కూడా.

వరుసను లాంగ్ అని ఎందుకు చెప్పాలంటే, ఇంటిజర్ అంటే 32,767 దాకానే లెక్కపెడుతుంది, దాటితే ఓవర్‌ఫ్లో ఎర్రర్. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలుంటాయి. ట్రిమ్ ఎందుకంటే ఎవరో స్పేస్ బార్ నొక్కి వదిలేసిన గడి కంటికి ఖాళీగానే కనిపిస్తుంది, వీబీఏకు మాత్రం ఖాళీ కాదు. ఇక, ఆ "బాకీ లేదు" అన్నదాన్ని నిజంగానే తెలుగు లిపిలో కొట్టకండి. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు నిలవదు, ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. తెలుగు మాట కావాలంటే ఏదో ఒక గడిలో రాసిపెట్టి, అక్కడి నుంచి చదువుకోవాలి.

ఇంకొకటి. వీబీఏలో అండ్ రెండు వైపులా చూడకుండా ఊరుకోదు. ధర అన్న ఒకే పేరు కింద పది విలువలు దాచే అర్రేలో 'ఐ <= 10 అండ్ ధర(ఐ) <> 0' అని రాస్తే, ఐ 11 అయినప్పుడు మొదటి సగం అబద్ధమని తెలిసినా ధర(11) కోసం వెళ్లి ఎర్రర్ ఇస్తుంది. రెండో పరీక్షను లూప్ లోపల ఇఫ్‌గా పెట్టి ఎగ్జిట్ డూ చేయండి.

లూప్ ఏం చేస్తోందో అర్థం కానప్పుడు ఎఫ్5కు బదులు ఎఫ్8 నొక్కండి, ఒక్కో వరుసే నడుస్తుంది. క్యూబేసిక్‌లోనూ అదే మీట.

10. మీరు చేయాల్సింది

ప్రశ్నను తిరగేద్దాం. అదే యాభై వేలు, అదే వడ్డీ, పన్నెండు నెలల్లో తీరాలి. కిస్తీ ఎంత ఉండాలి? యాభై యాభై పెంచుకుంటూ వెతకాలి. బయటి లూప్ కిస్తీని మారుస్తుంది, లోపలిది బాకీని మారుస్తుంది.

```
కిస్తీ = 1000
డూ
    కిస్తీ = కిస్తీ + 50
    బాకీ = 50000
    నెల = 0
    డూ వైల్ బాకీ > 0
        బాకీ = బాకీ + బాకీ * 2 / 100 - కిస్తీ
        నెల = నెల + 1
    లూప్
లూప్ అంటిల్ నెల <= 12
ప్రింట్ కిస్తీ
```

చివరి కిస్తీని సరిచేసే ఇఫ్ వరుసను ఇక్కడ కావాలనే తీసేశాను. అది కిస్తీనే మార్చేస్తుంది, మరి బయటి లూప్ నడిచేది ఆ కిస్తీ మీదే కదా. నెలలు లెక్కపెట్టడానికి అది అక్కర్లేదు కూడా.

జవాబు 4,750 రావాలి. 1,100 అని వెంటనే వచ్చేస్తే, బాకీ = 50000 అన్న వరుసను పొరపాటున బయటి లూపుకు పైన రాశారన్నమాట. ఏమీ రాకుండా స్క్రీన్ అలాగే నిలిచిపోతే, దానితో పాటు నెల = 0 కూడా పైకి వెళ్లిపోయింది.